విమానం లేని నిచ్చెన

సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలందరి చేతా మళ్లీ మొదటి రోజు ఏడుపు ఏడిపించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. నాకే ఇంకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

నాకు బొమ్మ విమానాల పిచ్చి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి, అల్మారా నింపుకుంటాను. తిరుమలగిరిలో ఉండిన మా మామయ్య, అంటే నా భార్య తండ్రి, యుద్ధకాలంలో యుద్ధవిమానాలకు నేల మీది పనులు చేసిన మనిషి. పెట్రోలు పట్టడం, ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ బండి తోయడం, పైలట్ దిగడానికి నిచ్చెన పట్టుకోవడం. నా అల్మారా చూసినప్పుడల్లా ఒకటే అనేవారు: "అందరు విమానమే జేస్తరు. మా బండ్లు ఎవ్వడన్న జేసిండా?"

ఆయన పోయాక అత్తమ్మ మాట తగ్గిపోయింది. తిన్నావా అంటే తలూపడం, అంతే. ఆయన ఫొటో పక్కన పెట్టుకునేలా ఆ బండ్లు చేసిస్తే ఆమె కాస్త తేరుకుంటుందని నాకు తోచింది. తోచడమే నా కొంప ముంచింది.

పసుపు రంగు బ్యాటరీ బండి, పెట్రోలు ట్యాంకరు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, నిచ్చెన, దాన్ని పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న ఖాకీ బట్టల మనిషి. అన్నీ ఒక చెక్క మీద అమర్చాను. బండికి నూనె మరక కూడా దిద్దాను. విమానం మాత్రం కావాలనే పెట్టలేదు. ఇన్నాళ్లూ దాని చాటున ఉండిపోయిన మనిషి ఒక్కరోజైనా కనబడాలని. ఆ ఆలోచనకు నాకు నేనే శాలువా కప్పుకున్నాను.

సంవత్సరీకం రోజు భోజనాలకు ముందు అందరి ఎదుటా గుడ్డ తీసి, చప్పట్ల కోసం కాస్త ఆగాను కూడా. అత్తమ్మ ఖాకీ మనిషిని చూసింది. అతను చూస్తున్న ఖాళీ జాగా చూసింది.

"విమానమేది బిడ్డా?"

మామయ్య ఒక్కరే కనబడాలని పెట్టలేదన్నాను.

"ఆ దినం గూడ గిట్లనే నిలబడ్డడంట," అంది ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నిచ్చెన వట్టుకొని, పొద్దుగూకేదాక. ఆ పైలట్ పిలగాడు రానేలేదు."

ఇల్లంతా ఏడుపు. నా భార్య రాధ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఆ ముచ్చట నాయన నీకు సుత చెప్పిండు గద. ఏం విన్నవ్ నువ్వు?"

విన్నాను. అది చెబుతూ ఆయన గొంతు పూడుకుపోయిన చోట నేనడిగిన ప్రశ్న కూడా గుర్తుంది. బ్యాటరీ బండికి చక్రాలు మూడా, నాలుగా అని. ఆయన కళ్లు తుడుచుకుని నాలుగన్నారు. నేను సంతోషంగా ఇంటికొచ్చేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

విస్తళ్లు వేస్తుండగానే స్కూటర్ మీద మెట్టుగూడలోని మా ఇంటికి పరుగెత్తాను. ఆయన పనిచేసిన రకం విమానం నా దగ్గర ఒక్కటే ఉంది, అదీ బాగా చిన్న కొలతది. తెచ్చి నిచ్చెన పక్కన పెడితే, చెక్క మీది మామయ్య దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరేలా ఉన్నారు. కళ్లు తుడుచుకుంటున్న ఒక పెద్దాయన ఫక్కున నవ్వి, నవ్వినందుకు మళ్లీ ఏడ్చాడు. నేను కొలతల గురించి సంజాయిషీ మొదలుపెట్టాను.

అత్తమ్మ వినలేదు. విమానాన్ని తీసి, ఖాకీ మనిషి చూస్తున్న వైపు, చెక్క చివరి మూలన పెట్టింది.

"దూరంల ఉన్నది గద, గందుకే చిన్నగ కనవడుతున్నది," అంది. "వస్తది."

ఆ రోజు ఆమె పప్పు మళ్లీ అడిగి వేయించుకుంది.

కనుక మామయ్య ఫొటో సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో విమానం లేకుండా నిచ్చెన నిలబెట్టను. ఎదుటి మనిషి గొంతు పూడుకుపోయినప్పుడు చక్రాల సంగతి అడగను. మిగతా ప్రమాణాలకు ఇప్పుడు తీరిక లేదు. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ విమానం కాస్త ముందుకు జరిగి ఉంటోంది. అది నిచ్చెన దగ్గరికి చేరేలోపు సరైన కొలతది ఒకటి చేసి పెట్టాలి.