చిట్టికి మత్తిచ్చిన రోజు

నాలుగేళ్ల క్రితం, దాళ్వా వరి కోతల రోజులు. ఏలూరు దగ్గర పెదపాడు మండలంలో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఒక ఉదయం కొల్లేటి వైపు చేపల చెరువుల మధ్య మార్తమ్మ గారు నా జీపు ఆపి, కుంటుతున్న తన గాడిదను చూపించారు.

ట్రాక్టరు దిగలేని గట్లకు మట్టి మోయించి బతికే ఆవిడకు రెండే గాడిదలు, చిట్టి, బుల్లి. చిట్టి వెనక కాలికి చేపల వల తాలూకు నైలాన్ తాడు ఎప్పుడో చుట్టుకుంది. అది బిగిసి, మాంసంలోకి దిగిపోయి, పైన చర్మం కమ్ముకొచ్చింది.

“కాలు పోయిందని మాంసానికి అడుగుతున్నారండీ. నేనివ్వనండీ. మీరే ఎలాగైనా నిలబెట్టాలి,” అన్నారావిడ.

పడుకోబెట్టి కోస్తే తప్ప ఆ తాడు రాదు. ఆరుబయట గాడిదకు మత్తివ్వడమంటే మెడ సిరలోకి ఇంజెక్షనే. ముందు జైలజీన్. అది మగత తెప్పించి తల వాల్చేలా చేస్తుంది. తల బాగా వాలాకే పడుకోబెట్టే కెటమిన్. మొదటిది పట్టకుండా రెండోది ఇస్తే జంతువు బిగుసుకుని కొట్టుకుంటుంది. పెళ్లి ఊరేగింపు గుర్రాలకు అప్పటికే చాలాసార్లు ఇచ్చాను. గాడిదంటే చిన్న గుర్రమే కదా అని నాకో ధీమా.

ఆ ధీమాతోనే, అడ్డం పడుతోందని బుల్లిని అవతలి గట్టుకు తోలించాను.

“ఏవండీ డాక్టరమ్మగారూ, వాటిని విడదీస్తే కుదరదండీ,” అన్నారు మార్తమ్మ గారు నెమ్మదిగా.

“ఆపరేషన్ చిట్టికండీ, జంటకి కాదు,” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

టేపుతో ఛాతీ కొలిచి, బరువు అంచనా కట్టి, జైలజీన్ ఎక్కించాను. చిట్టి తల వాలలేదు సరికదా, చెవులు అవతలి గట్టు వైపే నిక్కబొడుచుకుని వణికిపోతోంది. ఇంకో సగం డోసు ఇచ్చి పది నిమిషాలు ఆగాను. ఒళ్లు తూలింది గానీ తల దిగలేదు. ఇంకా ఇస్తే గుండె మరీ నెమ్మదిస్తుందేమోనని భయం. ఇవ్వకపోతే కాలు దక్కదు. అటెండర్ వెంకన్న గారు నా మొహంలోకి చూస్తుంటే నేను నేల చూపులు చూస్తున్నాను.

“ఒక్కసారి రెండోదాన్ని తోలుకొచ్చి చూద్దామండీ,” అన్నారు మార్తమ్మ గారు.

“సరే, తీసుకురండి.”

బుల్లి పరుగున వచ్చి చిట్టి మెడ మీద గడ్డం ఆనించి నిలబడింది. రెండు నిమిషాలు దాటకుండానే చిట్టి తల మోకాళ్ల దాకా వాలిపోయింది. మందు ఒంట్లో ఉంది, భయం దాన్ని పని చెయ్యనివ్వలేదు. రెండో డోసుకు టైము పట్టి ఉంటుందిలే అని తరవాత నాతో నేనే వాదించుకున్నాను కూడా, చదువుకున్నదాన్ని కదా!

కెటమిన్ ఇవ్వగానే చిట్టి మెల్లగా ఒరిగింది. గాడిద ఒంట్లో ఆ మందు గుర్రంలో కన్నా త్వరగా కరిగిపోతుంది. పదో నిమిషానికి చెవి కదిలింది, సిద్ధంగా ఉంచుకున్న సిరంజితో మళ్లీ ఇచ్చాను. తాడు మూడు ముక్కలుగా బయటికొచ్చింది. “ఎముక బాగుందండీ,” అనగానే మార్తమ్మ గారు చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. అంతసేపూ బుల్లి అడుగు కదపలేదు. కాళ్ల దగ్గరే పచ్చగడ్డి ఉన్నా వంగలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి కాపలా నేను చూడలేదు.

నెల తరవాత ఆ రెండూ పక్కపక్కనే మట్టి మోస్తూ ఎదురైతే, జీపు దిగి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తరవాత నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయ్యింది. ఒకసారి అత్తిలి నుంచి ఒకాయన గాడిదను ఆటోలో ఎక్కించి తెచ్చారు. కణితి కొయ్యాలి. మందుల పెట్టె తెరవకముందే, “దీని తోడు ఏదండీ?” అని అడిగాను.

“ఇంటి దగ్గరుందండీ. జబ్బు దీనికేనండీ.”

తీసుకొచ్చేదాకా సూది పట్టనన్నాను. సణుక్కుంటూ వెళ్లి, రెండోదాన్నీ తెచ్చారు. మొదటి డోసుకే తల వాలింది.