పుస్తి తిరిగిచ్చేసినామె

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్లే రైల్లో, ఎదురుగా కూర్చున్న ఒకామె నన్నే చూస్తూ పెదాలు కదుపుతోంది. అప్పటికి నా విడాకుల కేసు నడుస్తోంది, మా అత్తవారు నా మీద నిఘాకి పంపిన మనిషే అనుకున్నాను. నేను చోటు మారితే ఆమె కూడా మారింది.

"నిన్నెవరు పంపారు?" అని అడిగేశాను.

"నన్నెవులు పంపుతారమ్మా? ఇటు గాలొస్తాదని వచ్చినాను. పాట కట్టుకుంతన్నాను. మొగుడితో తెగిపోనాది. ఊరంతా ఆడి మాటే సెప్తన్నారు. నా మాట నేనే పాడుకోవాల గదా."

మెల్లగా పాడింది.

"పుస్తి తిరిగిచ్చేసినాను, గొంతు నాకాడే ఉంచుకున్నాను."

అయినా నమ్మలేదు. స్టేషన్లో దిగాక వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఆమె నా వెంట రాలేదు.

నాకు విడాకులొచ్చిన రోజు ఆ పల్లవే నోటికొచ్చింది. చరణాలు నేనే కట్టుకున్నాను.