బాగున్నవాళ్లని అడిగిన మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు, ఆయన పాఠాలు వచ్చే చోటికే వచ్చింది. పోయిన సోమవారం మా హెల్త్ పోస్టు మేడ మీద కంప్యూటరు తెరిచి చూస్తే ఆయన చిరునామా నుంచి ఒక ఈ-మెయిలు ఉంది. కొత్త పాఠమేమో అనుకున్నాను. రాసింది ఆయన కూతురు. నాన్న నిన్న పొద్దున పోయారనీ, ఆయన విద్యార్థుల చిరునామాలన్నీ ఇందులోనే ఉన్నాయి గనుక ఇక్కడినుంచే తెలియజేస్తున్నాననీ, ఏమీ అనుకోవద్దనీ రాసింది. నేనలాగే కూర్చుండిపోయాను. ఫోను తీగ కంప్యూటరుకే తగిలించి ఉండడంతో, ఫోను కావాలని కిందినుంచి ఎవరో కేకేస్తున్నారు.

ఆయన్ని తలుచుకోగానే నాకు ముందుగా ఏడుపు రాలేదు, సిగ్గేసింది. మా ఇంటి పరువు పోయిన రోజులూ, ఆయన మాకు గురువుగా దొరికిన రోజులూ ఒకటే కావడం వల్ల ఇప్పటికీ ఆ రెంటినీ విడదీసి తలుచుకోలేను.

మద్రాసు పేరు చెన్నై అని మారినా ఇంకా ఎవరి నోటికీ అలవాటు కాని కాలం. రోగాలు ఎక్కడ పుడుతున్నాయి, ఎలా పాకుతున్నాయి అన్నది కనిపెట్టడం నేర్పే శిక్షణ ఒకటి కంప్యూటరు మీద మొదలైంది. నర్సులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, నాలాంటి హెల్త్ విజిటర్లు ఎక్కడివాళ్లక్కడే ఉండి చదువుకోవచ్చన్నారు. వేలూరు, సేలం, నెల్లూరు, ఇంకా ఎక్కడెక్కడివాళ్లమో చేరాం. నేను రాయపురంలో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల టీకాలూ విరేచనాల జబ్బులూ చూసుకునేదాన్ని. మధ్యాహ్నం పని ముగిశాక మేడ ఎక్కి, ఆ యంత్రం కీచుమని అరిచి అరిచి లైను కలిసేదాకా విసనకర్రతో విసురుకుంటూ ఎదురుచూసేదాన్ని.

మా మాస్టారు ఊరికి అవతలి కొసన ఉన్న ఒక శిక్షణ సంస్థలో కూర్చుని మాకు పాఠాలు పంపేవారు. మా జవాబుల్లో తప్పులు దిద్దేవారు కాదు. చివర ఒక ప్రశ్న అడిగి వదిలేసేవారు. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే మన తప్పు మనకే కనబడేది. ఆయనది తిరునెల్వేలి వైపు తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాయడం రాదు. నేను తెలుగుదాన్నని తెలిశాక పాఠం అడుగున ఇంగ్లీషు అక్షరాలతో 'తిన్నావా అమ్మా' అని ఒక ముక్క చేర్చేవారు. ఒకసారి మాత్రం నాకు కోపం తెప్పించిన సలహా రాశారు: "చేతిలో కాగితం పట్టుకొని ఎవరింటికీ పోవద్దు. ముందు మనిషి పోవాల. కాగితం తర్వాత పోతుంది." పదేళ్లుగా ఇళ్లు తిరిగేదానికి ఈయన చెప్పేదేమిటి అనుకున్నాను.

ఆ వేసవిలోనే మా పెదనాన్న కూతురి పెళ్లి వచ్చింది. మా పెదనాన్నది జార్జి టౌన్‌లో మిరియాలు, పసుపు టోకు వ్యాపారం. ఇంటికి పెద్ద ఆయనే. ముహూర్తానికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్. అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు సుగంధిపాల వేళ్లతో చేసే నన్నారి షర్బత్తు అందించే పని నాకు ఒప్పజెప్పారు. పట్టుచీర కట్టుకుని, నవ్వుతూ, గ్లాసు తర్వాత గ్లాసు అందిస్తూనే ఉన్నాను. పెళ్లికొడుకు నాయనమ్మకు రెండో గ్లాసు కూడా నేనే బలవంతం చేసి ఇచ్చాను.

తెల్లారేసరికి విడిది ఇళ్లలో వాంతులు, విరేచనాలు. ముహూర్తం వేళకు మండపంలో సగం కుర్చీలు ఖాళీ. నాయనమ్మను ఆసుపత్రిలో చేర్చారన్న మాట వినగానే పెదనాన్న తిన్నగా వంటశాలకు వెళ్లి, వంట పెద్దను మండపం మధ్యకు పిలిపించి, "ఏమయ్యా, పాచి కూరలు పెట్టి నా ఇంటికొచ్చిన వాళ్లని చంపుతావా?" అని అందరి ముందూ అరిచాడు. ఆ వంటాయన ఏదో చెప్పబోయాడు. "నోరు మూయి! పో ఈడనుంచి," అన్నాడు పెదనాన్న. మేళగాళ్లు కూడా ఆపి చూస్తున్నారు. వంటాయన భుజం మీది తుండుగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని, తన మనుషులను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం రాయపురంలో నా ముఖం ఎవరికీ చూపించలేకపోయాను. చేపలమ్మే ఒకావిడ, నేను గుమ్మంలో నిలబడగానే నవ్వుతూ తమిళంలో అడిగింది: "మాకు నీళ్లు కాచి తాగమంటావు కదక్కా, మీ ఇంటి పెళ్లిలో అందరికీ కడుపు చెడిపోయిందంట?" ఆవిడ మనసులో కల్మషం లేదు. నాకే తల కొట్టేసినట్టయింది. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన మా చెల్లెలు, అదే మా పెదనాన్న కూతురు, ఫోనులో ఏడ్చింది. అక్కడ మంచినీళ్లు అందిస్తే కూడా "మీ ఇంటి చేయి కదా" అని నవ్వుతున్నారట.

అప్పుడే మా శిక్షణలో, మీ కళ్ల ముందు జరిగిన ఒక రోగసంఘటనను విచారించి రాయమన్నారు. ఇంట్లో బాగాలేదు, ఈసారి ఆలస్యమవుతుంది అని మాస్టారికి రాశాను. ఎవరికి బాగాలేదని అడిగారు. దాచలేక అంతా రాసేశాను. ఇదే రాయవచ్చు కదా అన్నారు. నా వల్ల కాదు సార్, నా కుటుంబం పరువు ఇది, అసలు వంట చెడిందని అందరికీ తెలిసిందే, ఇంక విచారించడానికేముంది అన్నాను. ఆయన బలవంతం చేయలేదు. కొన్నాళ్లు జవాబే రాలేదు. తర్వాత ఒకే ఒక ముక్క వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "బాగున్నవాళ్లని అడిగావా?"

అడగలేదు. జబ్బుపడినవాళ్లనే పరామర్శించాను. ఆ పూట తిని, తాగి, ఏమీ కాకుండా ఉన్నవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు.

అడగడం మొదలుపెట్టాను గాని అంబత్తూరులో ఉన్న మా చెల్లెలి అత్తవారింటికి ఒక్కదాన్నే పోవడానికి ధైర్యం చాలలేదు. అదే రాస్తే, ఏ బస్టాపులో ఎక్కుతావని మాత్రం అడిగారు; మర్నాడు అక్కడ తెల్లపంచె, గుడ్డసంచీతో ఒక బక్కపలచని పెద్దాయన నిలబడి ఉన్నారు. అంతవరకూ నేను ఆయన్ని చూసి ఎరగను.

"నువ్వేనా అమ్మా? తిన్నావా? పోదాం రా," అన్నారు.

పెళ్లికొడుకు తండ్రికి, అంటే పెదనాన్న వియ్యంకుడికి, ఇంటి ముందే లేతు మిషన్ల షెడ్డు. ఆయన చేతికి అంటిన నూనె కూడా తుడుచుకోకుండా బయటికొచ్చి, "ఏమండీ, మా అమ్మ ఎన్నిసార్లు దొడ్డికి పోయిందో లెక్కపెట్టేదానికి వచ్చినారా? మీ ఇంట తిని పడినాం, చాల్దా?" అన్నాడు.

నేను నేలకేసి చూస్తున్నాను. మాస్టారు అక్కడే షెడ్డు గడప మీద కూర్చుని, "అవునండీ. అమ్మగారు చానా కష్టపడినారు. ఆ కష్టం ఏడనుంచి వచ్చిందో ఆమెకన్నా తెలియాల కదా," అన్నారు. "మీకేమీ కాలేదా?"

"నాకేం కాలేదు."

"తిన్నారా ఆ రోజు?"

"కడుపునిండా తిన్నా."

"షర్బత్తు?"

"నాకు షుగరండీ. తాగను."

మాస్టారు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి లోపల మంచం మీద ఉన్న నాయనమ్మ, "ఎవురది, పెళ్లికూతురి అక్కా? రా," అని పిలిచింది. చేయి పట్టుకుని, "నువ్విచ్చిన షర్బత్తు చల్లగా బాగుండింది పాపా," అంది. ఆ మాటకు నేను చచ్చిపోయినంత పనైంది.

అక్కడినుంచి వంటాయన ఇంటికి వెళ్లాం. ఆయన లోపలికి రమ్మనలేదు. వాకిట్లోనే మాట్లాడాడు. "మిగిలిన సాంబారు, కూరలు మేమందరం కూర్చుని తిన్నాం. ఒకరికి తలనొప్పి కూడా రాలేదు. షర్బత్తు మేం కలపలేదు, మీ వాళ్లే కలిపినారు. ఎవరు అడిగినారు నన్ను?" అన్నాడు. నిజమే. అందరికంటే ముందు అడగవలసిన మనిషిని మేం తరిమేశాం.

తర్వాత అడిగిన ప్రతిచోటా ఇదే మాట. భోజనం చేయకుండా షర్బత్తు తాగి వెళ్లిపోయినవాళ్లు పడ్డారు. భోజనం చేసి షర్బత్తు ముట్టనివాళ్లు లేచి తిరిగారు. షర్బత్తులోకి నీళ్లు కాచినవే. మరి ఐసు?

ఆ మాట పెదనాన్నను ఆయన దుకాణంలోనే అడగాల్సి వచ్చింది. మాస్టారు బస్తాల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆయనే అడిగారు.

పెదనాన్న వీధిలో పోయే తోపుడుబండ్లకేసి చూశాడు. "జనం ఎక్కువైపోయినారు. ఐసు చాల్లేదు," అన్నాడు. "హార్బరు కాడ దొరుకుతాది అన్నారు. నేనే మనిషిని పంపించినా. చేపలకేసే ఐసని నాకు తెలీదా? తెలుసు. ఐసు ఐసే కదా అనుకున్నా."

ఆయన ముఖం ఎర్రబడింది. మా ఇంట్లో ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చునేవాళ్లు కూడా ఉండరు. అలాంటి మనిషి ఒక పరాయివాడి ముందు తల దించుకోవడం చూడలేక నేను లేచి బయటికి పోబోయాను. మాస్టారు చేత్తో ఆగమన్నారు.

"వచ్చినోళ్లకి చల్లగా ఇయ్యాలనే కదా తెప్పించినారు," అన్నారు పెదనాన్నతో. లేస్తూ, "ఆ వంటాయనకి ఎవురు చెప్తారు మరి?" అన్నారు.

పెదనాన్న ఆ సాయంత్రమే వెళ్లాడు. పళ్లు, తమలపాకులు పట్టుకుని, నన్ను తోడు తీసుకుని. వంటాయన పళ్లెం అందుకోలేదు. "ఊరందరి ముందర అరిచినారు. ఇప్పుడు ఈడికొచ్చి నా ఒక్కడి చెవిలో చెప్తే ఎట్లా సార్?" అని మాత్రం అన్నాడు. పెదనాన్న ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకునే ఆటోలో తిరిగి వచ్చాడు.

నేను ఆ విచారణ రాసి పంపాను. పెళ్లివారి పేర్లు మార్చాను గాని ఆ కుటుంబం నాదేనని మొదటి వాక్యంలోనే రాశాను. అది శిక్షణలో ఉన్న వాళ్లందరికీ వెళ్లింది. సేలం నర్సు ఒకామె, చదివి నవ్వుకున్నాను, తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను అని రాసింది. మాస్టారు మాత్రం ఏ ప్రశ్నా వేయలేదు. అప్పటికి పరీక్ష తప్పానేమో అనుకున్నాను. ఆయన దగ్గర ప్రశ్న రాలేదంటే వెనక్కి వెళ్లి చూసుకోవలసిన తప్పు లేదని తర్వాతి పాఠాల్లో తెలిసింది.

ఈ ఏడు మా చెల్లెలికి సీమంతం చేశాం. వంటకు పెదనాన్న ఆ వంటాయన్నే పిలిచాడు. ఆయన రావడానికి ఒప్పుకున్నాడు. కారణం ఎవరూ అడగలేదు. మాస్టారిని నేను పిలిచాను. మొదటి పంక్తిలో, కిటికీ పక్కన కూర్చున్నారు. వియ్యాలవారందరూ ఆ వరుసలోనే ఉన్నారు.

చారు వడ్డిస్తుండగా పెదనాన్న పంక్తుల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. వంటాయన గరిటెతో సహా వంటశాల గుమ్మంలో ఆగిపోయాడు.

"పెళ్లిలో మీకందరికీ ఒళ్లు బాగలేకుండా పోయింది కదా," అన్నాడు పెదనాన్న. "అది వంట వల్ల కాదు. నేను తెప్పించిన ఐసు వల్ల. ఈయన్ని మీ అందరి ముందర అనరాని మాట అన్నా. నాది తప్పు."

చివరి వరుసలో సరిగా వినపడక ఎవరో "అప్పళం!" అని కేకేశారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. కొందరు ఏం చేయాలో తెలియక తల వంచి గబగబా తింటున్నారు. పెదనాన్న ఇంకా ఏదో చెప్పాలని అలాగే నిలబడి ఉన్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అప్పుడు మాస్టారిని చూశాను. అప్పుడే వడ్డించేవాళ్లు ఆయన ఆకులో వేడి చారు పోసి వెళ్లారు. అన్నంతో అడ్డుకట్ట వేసుకోవలసిన చేయి ఆకు మీద గాలిలో ఆగి ఉంది. తల వంచుకుని ఉన్నారు. చారు అన్నంలోంచి జారి, ఆకు అంచు దాటి, బల్ల మీదినుంచి ఆయన తెల్లపంచె మీదికి ధారగా కారుతోంది. ఒక పెద్దమనిషి సిగ్గుపడి మాట్లాడుతుండగా కదలడం ఎందుకనో ఏమో, అది అలా కారుతున్నంతసేపూ ఆయన వేలయినా కదపలేదు.