తొమ్మిదని రాసిన బావి

ఆ బాటిల్ మూత ఆవిడే సరిగా బిగించలేదా, లేక ఇంకెవరైనా తీసి అలాగే వదిలేశారా? ఇప్పటికీ తేలలేదు.

ల్యాబ్‌లో అందరూ ఆవిడను చుక్కలావిడ అనేవారు. నీళ్లలో సీసం ఎంతుందో మెషీన్ చెప్పాలంటే, ముందు దానికి ఎంత సీసం ఉందో తెలిసిన ద్రావణం చూపించాలి. అది కలపడం ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని. ఫ్లాస్క్ మెడ మీది గీతకు కన్ను ఆనించినట్టు వంగి, ఊపిరి బిగబట్టి ఆఖరి చుక్క వేసేది. "సూదిలో దారం ఎక్కిస్తున్నారా ఏంటండీ?" అని నవ్వేవాడు మెషీన్ నడిపే ఆయన.

పోయిన వేసవిలో కలిపి హాట్‌ప్లేట్ పక్క అరలో దాచిన బాటిల్‌ను నాలుగు నెలలుగా వాడుతున్నారు. అది అడుగంటింది. కొత్తది కలిపి, పాతదానితో పోల్చి చూసింది. పాతది మూడో వంతు ఎక్కువ చిక్కగా ఉంది. వదులు మూతలోంచి నీరు ఆవిరైపోయి సీసం మిగిలింది. కొలత చిక్కబడితే కొలిచినదంతా పలచగా కనబడుతుంది. తొమ్మిదని రాసినవన్నీ పన్నెండు. లీటరుకు పది మైక్రోగ్రాములు దాటితే తాగకూడదు.

ఆ తొమ్మిదుల్లో ఒకటి చెల్లెలి ఇంటి బావి. పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. కూతురు కడుపుతో ఉందని చెల్లెలు సీసాడు నీళ్లు మోసుకొచ్చి మరీ అడిగింది. "భయం లేకుండా తాగండే. నేను చూశానుగా," అని పంపించింది తనే.

"మూత ఎవరు తీశారో ఎవరికి తెలుసమ్మా? పాత కాగితాలు కెలక్కండి," అన్నాడు ఆఫీసరు.

"లేబుల్ మీద సంతకం నాదండీ," అంది. రిపోర్టులన్నీ తిరగరాసి ఆయన బల్ల మీద పెట్టి బస్సెక్కింది.

చెల్లెలు గ్లాసు నీళ్లిచ్చింది. ఆవిడ తాగకుండా పట్టుకు కూర్చుంది.

"బావి నీళ్లు ఆపెయ్యండే."

"అదేంటక్కా, తొమ్మిదేగా అన్నావు?"

"పన్నెండు."

"ఈమధ్య చెడ్డాయా?"

అవునంటే సరిపోయేది.

"నీళ్లు అప్పుడూ ఇంతే. నా కొలత తప్పింది."

లోపల్నుంచి కూతురు, "నువ్వు కూడా తప్పుతావా పెద్దమ్మా?" అని నవ్వుతూ వచ్చింది. అమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"నాలుగు నెలలు తాగిందక్కా. కడుపులో బిడ్డకి ఏమీ కాదు కదా?"

"రేపు ఆసుపత్రిలో రక్తం చూపిద్దాం."

"నేనడిగింది అది కాదు."

చెల్లెలు లేచి వంటింట్లో బిందె ఎత్తింది. పెరట్లో నీళ్లు పారబోస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆవిడ గ్లాసు కిటికీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది.