కింది ఫ్లాట్ జపాన్ నటుడు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాత జపాన్ సినిమా చూస్తుంటే, పక్కన కూర్చున్న నేను గుర్రం మీదనుంచి దూకి సైన్యాన్ని అదిలిస్తున్న యువకుణ్ణి చూసి ఉలిక్కిపడ్డాను. "హూ ఈజ్ హీ, తాతయ్యా?" అంది. ఒకప్పుడు లండన్ శివారు క్రోయిడన్‌లో మా కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన అంటే నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. కాంట్రాక్టు పోయి నేను ఇంట్లో కూర్చుంటే, మా ఆవిడ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేసి ఇల్లు నెట్టుకొస్తున్న రోజులు. తన దేశంలో ఒకప్పుడు పోస్టర్లకెక్కిన ఆ మనిషి, ఇంగ్లీషు భార్య కోసం ఇక్కడికొచ్చి, యుద్ధం సినిమాల్లో శత్రు సైనికుడి వేషాలతో సరిపెట్టుకుని, ఆమె పోయాక ఒంటరిగా మిగిలాడు. పైగా పక్షవాతం వచ్చి మాట ముద్దయింది. అలాంటప్పుడు, ఎన్నో ఏళ్ళకు, ఒక టీవీ నాటకంలో చావబోతూ కొడుకుని క్షమించే తండ్రి వేషానికి పిలుపొచ్చింది. జబ్బు సంగతి ఆయన వాళ్ళకు చెప్పలేదు.

"ఇదీ పోతే నాకింకేం లేదు. కొడుకు మాటలు నువ్వు చదువు" అని మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలాడు.

మధ్యాహ్నాలు మా వంటింట్లో ఆయన నోరు తిరగక బల్ల గుద్దుతుంటే, ఆయన గెలిస్తే నాకూ ఏదో దారి దొరుకుతుందన్న పిచ్చి ఆశతో, నేను మళ్ళీ మళ్ళీ ఆ కొడుకునై క్షమించమని అడిగేవాణ్ణి. "ఒకళ్ళని చూసి ఒకళ్ళు పాడైపోతున్నారు, కాస్త చారన్నమైనా తినండి" అని మా ఆవిడ విసుక్కునేది.

షూటింగుకు నేనే కారులో తీసుకెళ్ళాను. లైట్ల కింద ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు, చొంగ కారింది. ఎన్నిసార్లు తీసినా అంతే. దర్శకురాలు, మంచి పిల్లే, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మీరు కళ్ళు మూసుకుని పడుకోండి చాలు, కొడుకే మాట్లాడతాడు" అంది. అలా క్షమించే మాటే తీసేశారు. మూసిన ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ఎంత గొప్ప నటనో అని అందరూ చప్పట్లు కొట్టారు.

"అది నటన కాదు" అన్నాడు తిరుగు దారిలో. ఆ తర్వాత మా మెట్లెక్కలేదు. నాటకం టీవీలో రాకముందే, ఆ చలికాలంలోనే, మళ్ళీ పక్షవాతం వచ్చి పోయాడు. నాకు నార్తాంప్టన్‌లో ఉద్యోగం దొరికిన కబురు చెప్పుకోవడానికి ఆయన లేడు.

జబ్బుతో మాట పోయినవాళ్ళ గొంతును ఇప్పుడు కంప్యూటరు అచ్చం వాళ్ళలాగే పలికిస్తుందట. మా అబ్బాయి చేసేది ఆ పనే. ఆయన పడ్డ యాతన ఇక ఎవరూ పడనక్కరలేదు, మంచిదే. ఎవరికోసమూ ఎవరూ వంటింట్లో కూర్చుని కొడుకు మాటలు చదవనూ అక్కరలేదు.