బొట్టు కింద ఇంజన్ నంబరు

బెంగళూరులో బీమా కంపెనీ మోటారు సర్వేయరుగా నేను పనిచేసిన చివరి ఏడాది, ఆయుధపూజ అయిన మరుసటి వారం, ఒక పాత కారు తనిఖీ నాకు అప్పగించారు. సర్వేయరు అనగానే పొలాలు కొలిచే మనిషి అనుకుంటారు. ప్రమాదం జరిగితే నష్టం తేల్చడం, పాతబండికి బీమా ఇచ్చే ముందు అది కాగితంలో ఉన్న బండేనా అని చూడటం మా పని.

కారు దొడ్డబళ్ళాపురం అనసూయమ్మగారిది. విడిభాగాలుగా ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చి ఇక్కడ బిగించిన రకం. ఆమె భర్త పట్టుచీరల మూటలు అందులోనే మార్కెట్‌కు తెచ్చేవారు. ఆయన పోయాక, దాన్ని వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించాలని ఆమె పట్టుబట్టారు. అందుకు బీమా కావాలి, బీమాకు నా రిపోర్టు కావాలి. రిపోర్టు రాకపోతే బండి తుక్కు కిందే లెక్క.

బండి ఏడాదిగా రిపేరుకు పడున్న, పీణ్య పారిశ్రామికవాడలోని మెకానిక్ మునిరత్నం షెడ్డులో బానెట్ ఎత్తించాను. ఇంజన్ తళతళలాడుతోంది. ఆ కాలపు ఇంగ్లీషు బండికి అంగుళాల స్పానరు పట్టాలి. అది వదులుగా తిరిగింది, మిల్లీమీటర్లది చక్కగా కూర్చుంది. ఇంజన్ ప్రధాన భాగమైన బ్లాకు మీది పోత గుర్తులు చూస్తే, అది కారు కన్నా చాలా ఏళ్ళ తర్వాతది. నంబరు ఆర్‌సీతో కలవలేదు. దరఖాస్తులో మాత్రం ‘అన్నీ ఒరిజినల్’ అని ఉంది.

పక్కనే నిలబడి చూస్తున్న అనసూయమ్మగారి మొహం ఎర్రబడింది. “ఏమప్పా మునిరత్నం, మా ఆయన ఇంజన్ యాడ అమ్ముకున్నావు?” అన్నారు. పోలీసుల దగ్గరికి పోతానన్నారు.

“అమ్మలేదమ్మా. పాతది పగిలుంటే ఒరిజినల్ తెచ్చి వేసినా. డూప్లికేట్ నా షెడ్డులోకే రాదు,” అన్నాడతను.

స్పేర్‌పార్టుల బజారులో ఒరిజినల్ అంటే కంపెనీ తయారీ. ఆమె దృష్టిలో ఒరిజినల్ అంటే బండితో పుట్టింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నాకు మాత్రం ఆ మాట మీద ఒళ్ళు మండింది.

పూజ చేసిన ఇనుమని మునిరత్నం పాత బ్లాకులు తుక్కుకు వేయలేదట. షెడ్డు వెనక వానలో పడున్నాయి. ఏది ఎవరిదో అతనికే గుర్తులేదు. నంబరు కొట్టే చదును చోటును అన్నిటికీ తుప్పు తినేసింది. ఒకదాని మీద మాత్రం ఆ చోట నల్లటి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది. గోటితో గీకితే లోపల ఎరుపు.

“నా బొట్టే అది,” అన్నారు అనసూయమ్మగారు. “కుంకుమ నూనెలో కలిపి ప్రతి ఆయుధపూజకూ ఆడనే పెడతా. ఇంజన్ మొత్తంలో సమంగా ఉండేది అదొక్కటే, బొట్టు జారిపోదు.”

ఫ్యాక్టరీవాళ్ళు నంబరుకు ఆ చోటు ఎంచుకున్నదీ అందుకే. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిచాను. నూనె పెచ్చు కింద తుప్పు చేరలేదు; అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, ఆర్‌సీతో కలిశాయి. ప్రాణం లేచొచ్చినట్టయింది. మునిరత్నం అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆమె అతనికి మంచినీళ్ళు తెప్పించారు.

పగులు అతికించి ఆ బ్లాకునే మళ్ళీ బిగించారు. బీమా వచ్చింది, బండి రిజిస్టరైంది.

ఆ తర్వాత, ఉద్యోగం మానేదాకా, నా రిపోర్టుల్లో ‘ఒరిజినల్’ అన్న మాట రాయలేదు. ‘బండితో వచ్చినది’, ‘తర్వాత వేసినది’ అనే రాశాను. నంబరు చదవడానికి వీల్లేదని రాసే ముందు, ఆ బండికి బొట్టు ఎవరు పెడతారో అడిగేదాన్ని.