డైలాగు లేని యోసేపు

యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే ఆ రోజుల్లో, నోరున్నవాడిదే రాజ్యమని గట్టిగా నమ్మేవాణ్ణి. క్యాంపస్ క్యాంటీన్ దగ్గర నలుగురు కూడితే చాలు, పిలవకపోయినా వెళ్లి ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి (వినేవాళ్లు ఉన్నారా లేచిపోయారా అన్నది నాకు పట్టేది కాదు). అలాంటి నాకు తార్నాకలోని మా చర్చి క్రిస్మస్ నాటికలో మరియ భర్త యోసేపు వేషం ఇచ్చారు. హీరోనని పొంగిపోయాను. తీరా చూస్తే ఆ హీరోకి ఒక్క డైలాగూ లేదు. దేవదూతకు ఉంది, హేరోదు రాజుకు ఉంది, చోటు లేదు పొమ్మనే సత్రం యజమానికీ ఉంది. గొర్రె వేషం వేసిన సండే స్కూల్ పిల్ల సైతం మే అంటుంది. నాటిక నడిపించే టీచరక్కను బతిమాలాను. "బైబిల్ల యోసేపు ఒక్క మాట గూడ మాట్లాడలే తమ్మీ. ఎక్కడన్న మాట్లాడినట్టుంటే చూపియ్యి, పెడతా" అంది. సువార్తలన్నీ తిరగేశాను. పాపం, ఆ మనిషి కల కంటాడు, లేస్తాడు, చెప్పిన పని చేస్తాడు. నోరు మాత్రం విప్పడు.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అమ్మ అప్పటికే కొడుకు హీరో అని మా ఇళ్ల లైనంతా చాటింపు వేసేసింది. ఏం మాట్లాడతావని అడిగితే చాలా ఉందని కోతలు కోశాను. నాయిన ఏమీ అడగలేదు. ఆయన పట్టాల మీద పనిచేసే మనిషి. ఇంట్లో ఉన్నాడో లేడో గడప దగ్గర చెప్పులు చూసి తెలుసుకోవాల్సిందే. ఒక్కసారైనా ఆయన నోట నా గురించి ఒక మాట వినాలని నాకు మహా ఆశగా ఉండేది. అందుకే ఎవరికీ చెప్పకుండా ఒక డైలాగు సిద్ధం చేసుకున్నాను: "మరియా, భయపడకు, నేనున్నాను." చుక్కను చూసి వచ్చే ముగ్గురు జ్ఞానులు బాల యేసు ముందు మోకరించగానే అనేయాలి. తరువాత టీచరక్క ఏం చేసినా సరే.

టీచరక్కకు అన్నీ నిజమైనవే కావాలి. పశువుల తొట్టిలోకి క్యాంపస్‌లో ఎండిన గడ్డి నేనే కోసుకొచ్చాను. బాల యేసుగా బొమ్మ వద్దని, చర్చి క్వయర్‌లో పాడే ఆంటీని అడిగి ఆమె మనవణ్ణి తెచ్చింది. పండుగ సాయంత్రం చర్చి నిండిపోయింది. అమ్మానాయినలు ముందు వరసలో కూర్చున్నారు. జ్ఞానులు ముగ్గురూ (ఇంజనీరింగ్ హాస్టల్ వాళ్లు) వచ్చి మోకరించారు. నేను గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే నేను కోసిన గడ్డి పసివాడికి గుచ్చుకుంది. ఆ ఏడుపు మైకులో పడి తార్నాక చౌరస్తా దాకా వినబడే ఉంటుంది. మరియ వేషం వేసిన అమ్మాయి ఎన్నడూ పసిపిల్లల్ని ఎత్తుకుని ఎరగదు, బిగుసుకుపోయింది. నేనే వంగి వాణ్ణి తీసి భుజాన వేసుకున్నాను. వీపు నిమురుతూ, గొంతులో ఊఁ ఊఁ అంటూ అటూ ఇటూ నడిచాను. బాలుడు ఎటుంటే అటే తిరిగి మొక్కాలని టీచరక్క జ్ఞానులకు మరీ మరీ చెప్పి ఉంది. వాళ్లు కానుకలతో సహా మోకాళ్ల మీదే నా వెనక దేకసాగారు. చర్చంతా పక్కున నవ్వింది. పసివాడు మాత్రం నిద్రపోయాడు. మళ్లీ ఎక్కడ లేస్తాడోనన్న భయంతో నేను నోరు విప్పలేదు. నాటిక అట్లాగే అయిపోయింది.

బస్టాప్ దాకా నడుస్తుంటే అమ్మ సణిగింది. "ఒక్క మాటన్న మాట్లాడకపోతివి గదరా, లైన్ల ఏమని చెప్పుకోవాలె?" కొంత దూరం పోయాక నాయిన నెమ్మదిగా అన్నాడు.

"పసిగున్నప్పుడు ఊకె ఏడ్చేటోనివి. డ్యూటీ దిగొచ్చి నిన్ను గట్లనే ఏసుకొని తిరిగేటోన్ని. గా ఊఁ అనుడు నాదే."

నాకు కళ్లు నిండిపోయాయి. ఉపన్యాసాలిచ్చే నా నోట ఒక్క ముక్కా రాలేదు.

ఇప్పుడు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను, పగలంతా మాటలే. సాయంత్రం ఇంట్లో మా పాపను భుజాన వేసుకుని ఊఁ అంటూ తిరుగుతాను. నాయిన కుర్చీలోంచి చూస్తుంటాడు, ఏమీ అనడు. ఆనాడు నాటికలో అనలేకపోయిన ఆ డైలాగు ఇంకా నోటికి వచ్చు. పాపతోనైనా అందామని గొంతు సవరించుకునేలోపే నిద్రపోతుంది.